పంతొమ్మిది రోజుల కవరు

ప్రమీల చేతిసంచిలో ఆ కవరు పంతొమ్మిది రోజులుగా ఉంది. ఆమె తెరవలేదు.

హైదరాబాదులో ఒక క్యాన్సర్ ఆసుపత్రిలో ప్రమీల నర్సు. అక్కడ ఆడవాళ్ల కోసం ఒక కొత్త పరీక్ష మీద పరిశోధన నడుస్తోంది. గర్భసంచి ముఖద్వారం దగ్గర చిన్న బ్రష్‌తో నమూనా తీస్తారు. పుట్టుకతో వచ్చిన జన్యువుల మీద వయసూ, తిండీ, పొగా, బతుకూ వేసిన గుర్తులను చదువుతారు. రొమ్ములోనో అండాశయంలోనో క్యాన్సర్ పుట్టే ముప్పును, పుట్టకముందే పసిగట్టాలని వాళ్ల ప్రయత్నం.

"భయపడకక్కా, ముందే తెలిస్తే ముందే ఆపుకోవచ్చు" అని ఎందరికో నచ్చజెప్పి ప్రమీల నమూనాలు తీసింది. చివరికి తనదీ ఇచ్చింది. దాని ఫలితమే ఆ కవరులో ఉంది.

ఆమె తల్లి అండాశయ క్యాన్సర్‌తో పోయింది. అక్క రొమ్ము క్యాన్సర్‌తో, ముప్పై తొమ్మిదో ఏట. ప్రమీలకు ఇప్పుడు ముప్పై ఎనిమిది. స్నానం చేస్తూ సబ్బు చేయి ఛాతీ దాకా వస్తే అక్కడే ఆగిపోతోంది.

ఆ ఆదివారం ఆమె నల్లగొండ బస్సెక్కి తన గురువు దగ్గరికి వెళ్లింది. గురువు పేరు ఆండాళమ్మ. డెబ్బై దాటిన నేత మనిషి. చదువు రాదు. చుట్టుపక్కల ఊళ్లలో అచల వేదాంతం బోధిస్తుంది. ఈ దేహం తోచేదే గాని ఉన్నది కాదని ఆమె చెబుతుంటే జనం ఊపిరి బిగబట్టి వింటారు.

బోధ ముగిసి అందరూ వెళ్లాక, ప్రమీల కవరు తీసి చాప మీద పెట్టింది. పరీక్ష సంగతంతా చెప్పింది.

"ఏమున్నది అండ్ల?" అంది ఆండాళమ్మ.

"తెలువదమ్మా. చూడలే."

"ఎందుకు?"

ప్రమీల వెన్ను నిటారుగా పెట్టింది. ఈ జవాబు దారి పొడుగునా అనుకుంటూ వచ్చింది.

"దేహమే లేదని మీరే చెప్తిరి గదా. లేనిదానికి రిపోర్టెందుకు? నేను అన్నీ ఇడిసిపెట్టిన."

ఆండాళమ్మ లేచి తలుపు వేసి గడియ పెట్టింది. వచ్చి ప్రమీల పక్కన కూర్చుంది. ఆమె కుడిచేయి పట్టుకుని తన కొంగు కిందికి తీసుకుపోయి, ఎడమ రొమ్ము మీద, చంక వైపు ఆనించింది.

ప్రమీల వేళ్లకు పదిహేనేళ్ల అలవాటు. వక్కంత గడ్డ. గట్టిగా ఉంది. కదలడం లేదు. పైన చర్మం లోపలికి గుంజుకుపోయి ఉంది.

ఆమె చేయి లాక్కోబోయింది. ముసలామె వదల్లేదు.

"ఎప్పటి సంది?" అంది ప్రమీల.

"మూడేండ్లు."

"నొప్పి ఉన్నదా?"

"నొప్పి ఈ నడుమనే. భయమైతే మొదటి దినం సంది ఉన్నది. నేను గూడ అన్నీ ఇడిసిపెట్టిన అనే చెప్పుకున్న."

ఆమె కవరు అందుకుని అంచు చింపి, లోపలి కాగితం ప్రమీల ఒళ్లో పెట్టింది.

"నాకు అక్షరం రాదు. నువ్వే చదువు."

అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కి వస్తున్నట్టు కనిపించాయి. రెండోసారికి గాని ప్రమీల చదవలేకపోయింది. రొమ్ము క్యాన్సర్ ముప్పు ఎక్కువ. ఇది వ్యాధి ఉందని చెప్పడం కాదు. వెంటనే స్కానింగ్, ఆపైన క్రమం తప్పని పరీక్షలు అవసరం.

ఆండాళమ్మ ప్రమీల చేతులను తన చేతుల్లోకి తీసుకుంది. "రేపు ఇద్దరం పోదాం" అంది.

మర్నాడు పొద్దున్నే ఇద్దరూ ఆసుపత్రికి బస్సెక్కారు.

ప్రమీల స్కానింగ్‌లో ఏమీ కనిపించలేదు. ఆరు నెలలకోసారి రమ్మన్నారు, ముప్పు తగ్గించే మందు గురించి ఆలోచిద్దామన్నారు. ఆండాళమ్మ గడ్డ నుంచీ, చంకలోని గ్రంథి నుంచీ ముక్కలు తీసి పరీక్షకు పంపారు. వారం తర్వాత డాక్టరమ్మ ఆ ఫలితం చూసి కళ్లద్దాలు తీసింది.

"క్యాన్సరే. చంకలోకీ పాకింది. వైద్యం చేద్దాం, ఆశ వదలొద్దు. కానీ మూడేళ్ల కింద వచ్చి ఉంటే చిన్న ఆపరేషన్‌తో అయిపోయేది పెద్దమ్మా."

బయటికి వచ్చాక వరండాలో ప్రమీల ఇక ఆపుకోలేకపోయింది.

"నేను ఉండేది ఈడనే గదమ్మా! నాకు ఒక్క మాట చెప్పకపోతిరి!"

ఆండాళమ్మ గోడకు ఆనుకుని నిలబడింది.

"చెప్తే నన్ను గురువు అనవేమో అని భయపడ్డ బిడ్డా."

తోటి నర్సులూ రోగులూ చూస్తుండగా, ప్రమీల అక్కడే వంగి ఆమె పాదాలు తాకింది.