మూడో బావికి పేరు

అనగనగా మెట్టపొలాల మధ్య, ఇంకా పేరు పెట్టని ఒక ఊళ్ళో కెజియమ్మ అనే పెద్దావిడ ఉండేది. నీళ్ళు వెతుక్కుంటూ వచ్చిన నాలుగు కుటుంబాలకు ఆవిడే పెద్దదిక్కు. ఒక చోట ఏం జరిగిందో అదే ఆ చోటికి పేరు కావాలని, బైబిలులో పెద్దలు అలాగే పెట్టారని ఆవిడ భర్త చెప్పేవాడు. ఆయన పోయాక కూడా ఆవిడ ఆ మాట తప్పలేదు.

మొదట వాళ్ళు వాగు పక్కన బావి తవ్వారు. నీళ్ళు పడ్డాయి. అప్పుడు ఎగువూరి నాంచారయ్య మనుషులతో వచ్చి, ఆ ఊట తమదేనని మాటకు మాట పెంచాడు. కెజియమ్మ ఆ బావికి బైబిలులోని ఒక బావి పేరే తీసుకుని ఏశెకు అని పెట్టింది. హెబ్రీ భాషలో ఏశెకు అంటే జగడం, బంగారూ.

ఆ తర్వాత గుట్ట కింద ఇంకో బావి తవ్వారు. నాంచారయ్య మనుషులు దాన్ని రాళ్ళతో పూడ్చేశారు. దాని పేరు శిత్నా అయింది. శిత్నా అంటే పగ.

ఆ తర్వాత ఇంకా దూరం నడిచి మూడో బావి తవ్వారు. తియ్యటి నీళ్ళు. ఎవరూ అడ్డం రాలేదు. దీనికి రహెబోతు అని పెట్టేద్దామని అందరూ సంబరపడ్డారు. రహెబోతు అంటే విశాలమైన చోటు. కెజియమ్మ మాత్రం ఒప్పుకోలేదు.

పేరు పెట్టని చోట గోడ లేపకూడదని వాళ్ళ కట్టడి. అందుకని పసిపిల్లలతో సహా అందరూ తాటాకు పందిళ్ళ కిందే ఉన్నారు. వానలు వస్తే ఏం చేయాలో ఎవరికీ తెలియదు.

“అత్తా, నువ్వు పేరు పెట్టేలోగా ఈ బావిలో కప్పలకు మనవలు పుడతారు,” అన్నాడు మేనల్లుడు బర్నబాసు.

“చోటు మనకు దొరికిందిరా. మనం ఇంకా ఎవరికీ ఇవ్వలేదు,” అంది కెజియమ్మ.

అప్పుడు ఎండలు ముదిరి ఎగువూరి బావులన్నీ ఎండిపోయాయి. ఒకనాడు నాంచారయ్య ఖాళీ బిందె పట్టుకుని వచ్చి, దూరంగా నిలబడ్డాడు. పూడ్చిన బావిలోనే తోడుకోమనమని బర్నబాసు గొణిగాడు. కెజియమ్మ విననట్టే వెళ్ళి, చేంతాడు తెచ్చి నాంచారయ్య చేతిలో పెట్టింది.

“తోడుకో, అన్నా. నీళ్ళున్నాయి.”

ఆయన తల వంచుకుని తోడుకున్నాడు. మర్నాడు మనుషులతో మళ్ళీ వచ్చాడు. ఈసారి జగడానికి కాదు, గోడలకు మట్టి తొక్కడానికి. బురదలో జారి ముందుగా పడింది బర్నబాసే. అతణ్ణి లేపబోయి నాంచారయ్యా పడ్డాడు. రెండు ఊళ్ళ వాళ్ళూ పగలబడి నవ్వారు.

ఆ నవ్వుల మధ్య కెజియమ్మ బావి గట్టు మీద చెయ్యి వేసి, తన భర్తకు వినిపించాలన్నట్టు మెల్లగా ఆ పేరు పలికింది. రహెబోతు.

వానలకు ముందే ఇళ్ళు లేచాయి.

చేద బావికి, నీళ్ళు బిందెకి,
కథ కంచికి, కునుకు నీ కంటికి.