రాగినీళ్ళు విడిచిన విశాల కథ

పూర్వమొకప్పుడు వేదశీలుడను ముని తన గురువగు సుమేధుని సేవించి, ఏ తప్పు నెరుగని బిడ్డకు కాళ్ళు తడబడి, మాట ముద్దయి, బుద్ధి చెదరినచో తల్లి యే వ్రతము చేయవలెనని యడిగెను. సుమేధుడిట్లు చెప్పదొడగెను.

రాగిపనివారు కాపురముండు తామ్రపురమున విశాల యను ఇల్లాలు గలదు. ఆమె మేనబావనే పెండ్లాడెను. వారి యింట చెంబు మొదలు గంగాళము వరకు అన్నియు రాగివే. వారి కుమారుడగు సుకేతుడు మీసము మొలచు ప్రాయమున చేతులు వణకుచు, చొంగ కార్చుచు, ఊరక నవ్వుచు, అంతలోనే తల్లిపై చేయి చేసికొనుచు నుండెను. ఇరుగుపొరుగువారు దయ్యమనిరి. వాడు మునుపటివలె "అమ్మా, అన్నం పెట్టవే" అని తిన్నగా పిలిచిన చాలునని విశాల చెవియొగ్గి వేచియుండెను. బిడ్డ ఇంటనే యుండగా బిడ్డకొరకు ఎదురుచూచుట యెంత కష్టమో కన్నతల్లికే యెరుక.

పెద్దలు చెప్పగా ఆమె గౌరీదేవి పేర రాగి కలశము నిలిపి, రేయంతయు అందుంచిన నీటిని తీర్థమని వానికి పూటపూటకు పోసెను. వాని నల్లగ్రుడ్డు చుట్టును రాగివన్నె వలయము కనబడగా దేవి యనుగ్రహమని మురిసి, మరింత పోసెను. వాడు మంచము పట్టెను. చేతులారా పోసినది తానే, ఇక ఎవరిననగలదు?

అంత గౌరీదేవి ముత్తైదువ రూపమున వచ్చి, ఆ తీర్థమును పారబోయించి యిట్లనెను: "పిచ్చిపిల్లా, అందరి ఒంట్లోంచీ పోయే రాగి వీడి ఒంట్లోనే ఉండిపోతోందే. ఇది మీ ఆలుమగలిద్దరి రక్తంలోంచీ వచ్చింది, ఎవరి పాపమూ కాదు. నన్ను మట్టితో చేసుకో. మట్టికుండలో నీళ్ళు పెట్టు. వైద్యుడికి చూపించి, ఆయనిచ్చే మందు ఒక్కపూట కూడా మానకు." అట్లు చేయగా, కొంత కాలమునకు సుకేతుడు గోడ పట్టుకొని నడిచెను, ఒకటి రెండు మాటలు పలికెను.

తగ్గినది గదా యని విశాల మందు మాన్పించెను. రాగిపనివారి యింట మట్టికుండ యేమిటని బంధువులు మూతి విరిచినంతనే, నామోషీపడి తిరిగి రాగి కలశము నిలిపెను. ఏరు సగము దాటకముందే తెప్ప తగలబెట్టుకొనెను. వాని మాట మరల పడిపోయెను. అప్పుడామె మట్టిగౌరి పాదములపై బడి యేడ్చి, మందును నియమమును తిరిగి పట్టి, ఇక విడువకుండెను.

చాల కాలమునకు ఒకనాడు పొయ్యి యెదుటనున్న ఆమెకు వెనుకనుండి, "అమ్మా... అన్నం... పెట్టవే" అని ముక్కలు ముక్కలుగా వినబడెను. చేతి వణకు పోలేదు. పెట్టిన అన్నము సగము నేలపాలాయెను. ఆ మెతుకులేరుచు విశాల తనివిదీర ఏడ్చెను.

ఈ వ్రతమును ఇట్టి వ్యాధిగల బిడ్డల తలిదండ్రులు చేయవలెను. తోబుట్టువులను ముందుగనే వైద్యునకు చూపవలెను. వణకువానిని దయ్యమని కొట్టిన చేతికి ఈ కథాక్షతలు దక్కవు. దీనివలన పోయినదంతయు తిరిగి వచ్చునని చెప్పను, ఉన్నది నిలుచును. అక్షతలు ముందుగా ఆ బిడ్డ శిరసున వేయుడు. వాడు తల తిప్పికొన్నచో, తిరుగువరకు కాచుకొనియుండి వేయుడు.