గిన్నె లేని మధ్యాహ్నం

చూడామణికి నలభై ఒకటి. ఇంటిల్లిపాదీ పుచ్చకాయ తిని పళ్లెంలో వదిలేసిన గింజలు ఏరి, కడిగి, ఎండబెడుతుంది.

హరికథ చెప్పే వర్ధనమ్మకు ఆమె ఏళ్లుగా శిష్యురాలు. గురువు కథ చెబుతుంటే వెనక నిలబడి తాళం వేస్తుంది, వంత పాడుతుంది. ఈసారి ఉత్సవంలో కథ నువ్వే చెప్పాలని ఆవిడ దగ్గర్నుంచి కబురొచ్చింది. ఆ రోజు వంటింట్లో గంతులేసింది. మర్నాటికల్లా ఆ అవకాశాన్ని ఎవరికి వడ్డించాలా అని చూడసాగింది.

"అమ్మా, గోపీనాథం మొన్న మొన్ననే మీ దగ్గర చేరాడు, పైకి రావలసినవాడు. నా వంతు వాడికిస్తే అది త్యాగమే కదా?" అని గురువు ఇంటికెళ్లి అడిగింది.

ప్రశ్న అడిగినవాళ్ల చేతికి ఏదో ఒక పని ఇవ్వడం వర్ధనమ్మ అలవాటు. ఉప్పునీళ్లు చిలకరించి వేయించిన పుచ్చగింజలు చేటలో తెచ్చి ఇద్దరి మధ్యా పెట్టింది.

"వీటితో ఏమేం చేస్తావే?"

చూడామణి ముఖం వెలిగింది. "ఎన్ని లేవమ్మా! పప్పు ఒలిచి బెల్లంతో ఉండలు చుడితే మా ఆయన వదలడు. మెత్తగా నూరి పాలల్లో కాస్తే పిల్లలు గిన్నె నాకుతారు. ఎండుమిరపకాయలతో పొడి కొడితే మా అత్తగారు రెండు ముద్దలు ఎక్కువ తింటారు."

"మరి నువ్వో?"

"నేనా? నేను ఒలుస్తాను."

వర్ధనమ్మ పకపకా నవ్వింది. "సరే. ఇవాళ గిన్నె లేదు. ఒలిచింది ఒలిచినట్టు నోట్లో వేసుకో. అంతే పాఠం."

ఆవిడ గింజను పంటికింద టప్పున చీల్చి, పప్పు నమిలి, పొట్టు పెరట్లోకి ఊదేసింది. చూడామణి గోటితో ఒలుస్తూ కబుర్లలో పడింది. కాసేపయ్యాక చూస్తే గురువు ముందు పొట్టు కుప్ప. శిష్యురాలి పక్కన వెల్లకిలా తిప్పిన తాళం చిప్ప, దాని నిండా తెల్లటి పప్పు. గిన్నె లేకపోతే ఆ చెయ్యి గిన్నెను కనిపెట్టుకుంది.

"ఎవరికే అవి?"

"ఏమోనమ్మా... ఎవరైనా వస్తారని."

వచ్చాడు. గోపీనాథం చెప్పులు విడిచీ విడవకముందే తాళం చిప్ప అందుకుని, మొత్తం నోట్లోకి ఒంపుకున్నాడు.

"అబ్బ, ఏం రుచి అక్కా! ఇంకాసిని ఒలువు."

చూడామణి తిట్టడానికి నోరు తెరిచింది.

"వాణ్ణేమీ అనకు," అంది వర్ధనమ్మ. "గిన్నె కనబడింది, తిన్నాడు."

ఖాళీ చిప్ప వైపు చూసి చూడామణి కళ్లనీళ్లొచ్చేదాకా నవ్వింది. తర్వాత చేటలోంచి ఓ గింజ తీసి, గోటికి అందనివ్వకుండా పంటికింద పెట్టుకుంది. టప్!

ఉత్సవంలో కథ చూడామణే చెప్పింది. వెనక ఆ తాళం గోపీనాథం వేశాడు.