కాటుక పట్టిన చుక్క

అనగనగా అనుకుందాం మరి, కొండకింద ఓ ఊళ్ళో అచ్చమ్మ అని ఒక ముసలావిడ, ఆవిడ కోడలు వరహాలు. ఇద్దరే. కాటుక పట్టి అమ్ముకునేవాళ్ళు. కాటుకంటే మీ అమ్మ కొట్లో కొనే డబ్బీ కాదర్రా. గుడ్డవత్తి ఆకుపసరులో ముంచి, ఎండబెట్టి, ఆముదంలో వెలిగించి, పైన ఇత్తడి పళ్ళెం బోర్లిస్తే పట్టేది. ఊ కొడుతున్నారా?

ఆ ఊరేలే రాజుకి ఒక జన్మచుక్క ఉంది, ఆయన పుట్టిననాటి నక్షత్రం అన్నమాట. పండు ముసలిచుక్క, చావుకి దగ్గరపడ్డది. ఉన్నట్టుండి మసకబారింది. ఇవాళ సగం, రేపు పావు, ఎల్లుండి అసలే లేదు. రాజు హడలిపోయి సిద్ధాంతిని పిలిపించాడు. ఆ మహానుభావుడికేం తెలుసు? తెలియదని ఒప్పుకుంటే పరువు పోదూ! అందుకని అచ్చమ్మని చూపించాడు. మొగుడు పోయినావిడ మసి చేతులతో చుక్కకేసి చూసిందట, ఆరిపోయిందట. ఎంత నోరో చూడండి! నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. రాజు వెనకా ముందూ చూడలేదు. ఎనభై ఏళ్ళ మనిషిని పొలిమేర దాటించాడు.

వరహాలు ఏడవలేదు. దీపం, అద్దంలా అవతలిది కనిపించే ఒక అభ్రకం రేకు పట్టుకుని సభకి పోయింది. అడ్డొచ్చిన భటుణ్ణి మోచేత్తో ఒక్క పోటు పొడిచింది.

"వత్తి దగ్గర మసి కనిపిస్తోందా రాజా?"

లేదన్నాడు.

"అక్కడ వేడి. ఆ వేడికి రేణువూ రేణువూ చెయ్యి కలపలేవు. పైకి పోయి చల్లారితే ఒకటీ ఒకటీ జత, జతా జతా గొలుసు, గొలుసూ గొలుసూ మసి. నీ ముసలిచుక్కా అంతే. ఊపిరి వదుల్తోంది. అది దూరం పోయి, చల్లారి, మసి కట్టింది."

రేకుకి మసి పట్టించి దీపానికి అడ్డం పెట్టింది. వెలుగు మాయం.

"ఆరిందా దీపం? చెప్పండి, ఆరిందా?"

ఆడదానికి శాస్త్రమేమిటని సిద్ధాంతి గొణిగాడు.

"నీ శాస్త్రం చేసిన పని ముసలిదాన్ని ముళ్ళల్లోకి తోలడమేగా!" అంది.

ఏమే పాపా, నిద్దరపోకు, కోపం తెచ్చుకో!

చుక్క మళ్ళీ రాకపోతే నిన్నూ వెళ్ళగొడతానన్నాడు రాజు. చుక్క వెలుగే ఆ మసిని అవతలికి తోసేస్తుంది, వస్తుంది చూడమని చెప్పి, వరహాలు వెళ్ళగొట్టేదాకా ఆగకుండా తనే అత్త దగ్గరికి పోయింది. పొలిమేర అవతల సీతాఫలం చెట్లకింద ఇద్దరూ. ఒక నెల పోయింది, రెండు నెలలు పోయాయి, వాన పోయింది, చలి వచ్చింది. అత్తకి దగ్గు, కోడలికి దిగులు. తన లెక్క తప్పిందేమోనని లోపల భయమే, పైకి చెప్పలేదు.

ఆరో నెల, పొద్దుగూకగానే మినుకుమంది చుక్క. వారం తిరిగేసరికి ఎప్పటిలా వెలిగింది.

రాజు పల్లకీ పంపాడు. వరహాలు వెనక్కి పంపేసింది. తప్పు చేసినవాడే రావాలంది. వచ్చాడు, నడిచే వచ్చాడు. ఆ రోజే సిద్ధాంతి నడిబజార్లో నిలబడి నాకు తెలియక చెప్పానని మూడుసార్లు అరవాల్సి వచ్చింది. ఊరంతా ఎదురొచ్చి అత్తాకోడళ్ళని ఇంటికి తీసుకెళ్ళారు. ఇంటింటా పాయసమే.

అచ్చమ్మది మెత్తని మనసు. కూచో నాయనా, మంచినీళ్ళు తాగమని రాజుకి చెంబు అందించింది. వరహాలు మాత్రం పలకలేదు. మంచి పని చేసింది. కోపం రావాల్సిన చోట రావాలర్రా, ఏడుస్తూ కూచుంటే అత్త ఇల్లు చేరేదా?

సరే, కథేమో కంచి బండెక్కింది. మనం దుప్పట్లో దూరదాం.