నోట్లో నాలుగు గుడ్లు

అనగనగా ఒక అడవిలో, వాగు పక్క గడ్డిపొదలో, ఈరమ్మ అనే కౌజుపిట్ట కాపురముండేది. ఆమెకు నాలుగు గుడ్లు. గుడ్లంటే ప్రాణం, దండు అంటే హడల్. ఎందుకంటారా? పోయినేడు కాపలాకని వచ్చిన తోడేళ్ల దండు, దొంగలకు ఏమీ మిగల్చకుండా అంతా తానే మేసి పోయింది మరి.

ఈ ఏడు కొత్త దండు వచ్చింది. ఒకరోజు పొద్దున్నే కుండపోతగా వాన. వాగు పొంగుతోంది. అందరినీ గుట్ట మీదికి చేర్చమని దళపతి ఎలుగుబంటి తన సిపాయిలను పంపాడు. ఈరమ్మ ఇంటికి ఎవరొచ్చారనుకున్నారు? గంటన్న అనే అడవిపంది. గుడ్డు కనబడితే పెంకుతో సహా నమిలే జాతి.

"అమ్మా, వాగొస్తోంది. లోపలికి రావచ్చా?" అన్నాడు గంటన్న.

"రావద్దు," అంది ఈరమ్మ.

"సరేనమ్మా," అని గంటన్న వానలోనే నిలబడ్డాడు.

దొంగ వేషాలు, ఎంతసేపుంటాడో చూద్దాం, అనుకుంది ఈరమ్మ. కాసేపటికి తొంగిచూసింది. నీళ్లు గిట్టలు దాటాయి. పంది కదల్లేదు.

"ఇప్పుడు రావచ్చా అమ్మా?"

"వద్దన్నానా."

ఈసారి ఈరమ్మ గుమ్మంలోకి ఒక చిలగడదుంప దొర్లించింది. గంటన్న ముక్కు అదిరింది. చొంగ కారింది. పాపం, తట్టుకోలేక దుంపకు వీపు తిప్పి నిలబడ్డాడు. తోక మాత్రం ఊగుతూనే ఉంది.

"తినవేం?" అంది ఈరమ్మ.

"మీరు తినమనలేదుగా అమ్మా. అడక్కుండా గడప తొక్కకూడదు, పెట్టకుండా ముట్టకూడదు. మా దండు కట్టుబాటు."

"ఇక్కడ చూసేదెవరు?"

"నేనున్నాగా అమ్మా," అన్నాడు గంటన్న.

నీళ్లు అతని పొట్టను తాకాయి. ఈరమ్మ గుడ్లను చూసింది, పంది నోటిని చూసింది.

"లోపలికి రా నాయనా. నా పిల్లల్ని నోట్లో పెట్టుకుని తీసుకెళ్లు," అంది.

దారి పొడుగునా ఈరమ్మ అతని నెత్తి మీద కూర్చుని, "మింగకు నాయనా, మింగకు," అని ఒకటే గొడవ. గంటన్న ఉమ్మి కూడా మింగలేదు.

గుట్ట మీద దళపతి అడిగాడు, "గంటన్నా, ఎంతమందిని తెచ్చావు?"

గంటన్న పలకలేదు.

"నిన్నే అడిగేది."

గంటన్న తోక నిటారుగా లేపి వందనం చేశాడు.

"దళపతికి జవాబు చెప్పవా? ఇదేం పద్ధతి?" అని ఎలుగుబంటి గుర్రుమన్నాడు.

ఈరమ్మ రెక్కలు విదిలించి మధ్యలోకి దూకింది. "అతన్ని ఏమీ అనకండి దొరా. ఆ నోట్లో నా సంసారమంతా ఉంది."

ఎలుగుబంటి గబగబా పక్కకు తప్పుకున్నాడు. గంటన్న ఎండుగడ్డి మీద నాలుగు గుడ్లూ మెల్లగా దించాడు. ఒక్కటీ చిట్లలేదు. ఈరమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది.

వాన వెలిశాక ఆమె గుట్టంతా గాలించి, ఇంకో దుంప దొరికించుకుని, దొర్లించుకుంటూ తెచ్చి గంటన్న ముందు పెట్టింది. అతను చూస్తూ కూర్చున్నాడు. చొంగ కారుతోంది. తినడు. ఈరమ్మకు అప్పుడు గుర్తొచ్చింది.

"అయ్యో, తిను నాయనా," అంది. ఆ మాట పూర్తయ్యేసరికి దుంప లేదు.

నీతి: చూసేవాళ్లు లేనప్పుడు కూడా కట్టుబాటు తప్పని సిపాయినే జనం నమ్మి ఇంట్లోకి రానిస్తారు.