గవరమ్మ దిబ్బ

అనగా అనగా, సముద్రం ఇప్పటికంటే ఊరికి దగ్గరగా ఉన్న రోజులు. ఒడ్డు పొడుగునా తెల్లగా ఉప్పుమడులు. ఆ మడులన్నీ ఒక్క కామందువి. పొద్దు పొడిస్తే ఆడవాళ్లు మడుల్లో దిగాలి, పొద్దు గుంకితే గట్టెక్కాలి.

మరి వాళ్ల పసిపిల్లలో? దానికీ కామందు మాట ఒకటుంది. "పిల్లల మట్టికాళ్లు పడితే ఉప్పు పాడవుతుంది. కట్టెయ్యండి."

గట్టు వెంట కొయ్యలు పాతారు. పాతచీర పేలిక పిల్ల నడుముకు ఒక కొస, కొయ్యకు ఒక కొస. పాకే పిల్ల అక్కడే, నిలబడే పిల్ల అక్కడే, పరుగెత్తాల్సిన పిల్లా అక్కడే.

గవరమ్మ ఆ మడులకు మంచినీళ్లు మోసే ముసలిది. నా అన్నవాళ్లు లేరు. నెత్తిన కడవతో ఆమె గట్టు మీద వస్తుంటే పిల్లలు చేతులు చాచేవాళ్లు. దాహమేమో అనుకునేది. నీళ్లు పట్టినా చేతులు దించేవాళ్లు కాదు.

వాళ్లలో చిన్నాలు కూతురు అచ్చియ్యమ్మకు మాటలన్నీ వచ్చాయి, నడక రాలేదు. కాళ్లు చూస్తే చీపురుపుల్లలు. ఒకనాడు ఆ పిల్ల గవరమ్మ కుచ్చిళ్లు పట్టుకుని లేవబోయింది. కట్టు వెనక్కి లాగింది. కూలబడింది. మళ్లీ లేచింది. మళ్లీ లాగింది.

గవరమ్మకు కడుపు మండింది. కడవ దించి కట్టు విప్పింది. ఆ పిల్లదొక్కటే కాదు, అందరివీ. పక్కనున్న ఇసుకదిబ్బకు తోలుకుపోయింది.

"ఎక్కండ్రా!" అంది. ఎక్కారు.

"దొర్లండ్రా!" అంది. దొర్లారు.

"పీతల్ని తరమండ్రా!" అంది. పడ్డారు, లేచారు, తరిమారు. అచ్చియ్యమ్మ మోకాళ్ల మీద వాళ్ల వెనకే.

రోజూ అదే ఆట. మడుల పని చేయించే మేస్త్రీకి తెలిసేసరికి ఒక పున్నమి దాటింది.

"ఎవులు ఇప్పినారు?"

"నానే ఇప్పినాను."

మేస్త్రీ ఆమె కడవ పగలగొట్టాడు. పిల్లల్ని మళ్లీ కట్టించాడు. గవరమ్మ మర్నాడు కుండతో నీళ్లు తెచ్చి, మళ్లీ విప్పింది. రెండో పున్నమి దాటింది.

"ఎవులు ఇప్పినారు?"

"నానే ఇప్పినాను."

ఈసారి మడుల్లోంచే గెంటేశాడు. గవరమ్మ అటు పోయి ఇటు వచ్చింది. కట్లు విప్పడంతో ఆగలేదు, కొయ్యలే పీకి సముద్రంలో విసిరింది. లోతుగా దిగిన కొయ్య ఒక్కటే మిగిలింది. మూడో పున్నమి దాటేసరికి కామందే వచ్చాడు.

"ఎవరు పీకారు?"

"నానే పీకినాను."

"దీన్ని ఆ మిగిలిన కొయ్యకే కట్టండి!"

కట్టారు. ఎండ నడినెత్తికొచ్చింది. చిన్నాలు ఏడ్చింది. "అత్తా, తప్పయిందని ఒక్క మాట అనీవే!"

"ఎందుకంటానే? నడుం పట్టీసింది, కాళ్లు తిమ్మిరెక్కినాయి. ఒక్కపూటకే నాకిలాగుంటే, మన పిల్లలకెలాగుందో ఎవులైనా అడిగినారా?"

చిన్నాలు పిల్లలున్న దిబ్బ వైపు చూసింది.

ముసలమ్మను చూసి అచ్చియ్యమ్మ దిబ్బ దిగింది. లేచి నిలబడింది. గట్టు చుట్టూ తిరగలేదు. మెరిసే ఉప్పుమడికి అడ్డంగా, తూలుతూ, మట్టికాళ్లతో నడిచింది.

"నా ఉప్పు! పట్టుకోండి ఆ పిల్లని!" అరిచాడు కామందు.

ఒక్కరూ కదల్లేదు. చిన్నాలు ఉప్పు లాగే పలక కింద పడేసింది. పక్కామె పడేసింది. ఆ పక్కామె పడేసింది. మడులన్నీ ఆగిపోయాయి. అప్పుడే సముద్రం మీద మబ్బు లేచింది. పోగేసిన ఉప్పు గుట్టలు గట్టుమీదే ఉన్నాయి. చినుకు పడితే నీళ్లే.

"ఎత్తండర్రా!" అన్నాడు కామందు.

"ముందు అత్త కట్టు ఇప్పు బాబూ," అంది చిన్నాలు. "మా పిల్లల్ని మరి కట్టం."

కామందు మబ్బును చూశాడు, ఆడవాళ్లను చూశాడు. వంగి తన చేత్తోనే ముడి విప్పాడు.

ఆ ఏడూ ఉప్పు తెల్లగానే ఉంది.

చాలా ఏళ్లకు గవరమ్మ మంచం పట్టింది. "నన్ను దిబ్బలోనే పెట్టండి. పైన రాయి ఎయ్యకండి, పిల్లల కాళ్లకు తగుల్తాది," అని కన్నుమూసింది. అలాగే చేశారు.

గాలి ఆ దిబ్బను ఏటేటా కోసేస్తుంది. ఉప్పు పనులు మొదలయ్యే ముందు ఇంటికో తట్ట ఇసుక తెచ్చి ఈనాటికీ పోస్తారు. అప్పుడే నిలబడడం నేర్చిన పిల్లను దిబ్బ కింద వదిలి, తల్లి పైకెక్కి పిలుస్తుంది. దారిలో ఎవరూ చెయ్యందించరు.

కొత్తవాళ్లు చూసి నొచ్చుకుంటారు. "అయ్యో, ముసలమ్మ సమాధిని పిల్లలు తొక్కేస్తున్నారే!"

"తొక్కడానికే," అంటారు ఆ ఊరివాళ్లు.