అరువు సోకుల రాయుడు

చింతలగిరి సంస్థానం ఏలే సింగరాజుకి ఓ ఉదయం విచిత్రమైన కోరిక పుట్టింది. ముసలి ఖజానాదారు చూపు ఆనక పని మానుకున్నాడు. ఆ చోటికి ఓ కుర్రవాడు కావాలి.

"డబ్బు నిలబెట్టడం తెలిసినవాడి ఒంటిమీదే డబ్బు కనిపిస్తుంది. మధ్యాహ్నం కొలువులో తక్కెడ పెట్టిస్తాను. ఎవడి ఒంటిమీది సొమ్ము ఎక్కువ తూగితే వాడికే తాళంచెవి" అన్నాడు రాజు.

రాజులకి ఇలాంటి ఆలోచనలు రావడం వింతేమీ కాదు. మా కాలేజీలో ఎకనామిక్స్ చెప్పిన మేష్టారు కూడా బూట్ల మెరుపు చూసే మార్కులు వేసేవారు. సరే, అది వేరే సంగతి.

పోటీకి నిలిచింది ఇద్దరే. ఒకడు సైన్యం నడిపే దళవాయి కొడుకు మకరధ్వజరాయుడు. ఇరవై నాలుగేళ్లు, నెలకి నలభై వరహాల జీతం. పదో తారీఖుకి సంచి ఖాళీ. అయినా మెడలో రెండు పేటల గొలుసు, ఒంటిమీద జరీ అంగీ, తలపాగాకి ముత్యాల కుచ్చు. ఇప్పటి కుర్రాళ్లు పాతికవేల జీతానికి లక్ష రూపాయల ఫోను కొని, అద్దం పగిలితే బాగు చేయించుకోలేక ఆ గీతల్లోంచే లోకాన్ని చూస్తుంటారే, సరిగ్గా ఆ జాతి.

రెండోవాడు సంస్థానం ధాన్యపు కొట్టు గుమాస్తా ఓబులేసు. వయసు అంతే, జీతం అందులో సగం. వేలికి వెండి ఉంగరం తప్ప నగ లేదు. ఆరేళ్లుగా గింజ తేడా రానివ్వలేదు కాబట్టి ఖజానా పని తనకే వస్తుందని ఆశపడ్డాడు. ఇప్పుడా ఆశ తక్కెడ పాలయ్యేలా ఉంది.

"ఒరేయ్ ఓబులేసూ, నీ ఉంగరం తూచడానికి ఆవగింజలు తెచ్చుకున్నావా?" అన్నాడు రాయుడు, మధ్యాహ్నం కొలువులో అందరూ వినేలా.

ఓబులేసు రాజు వైపు తిరిగి ఒక మనవి చేసుకున్నాడు. ఖజానా పట్టేవాడు జామీను పెట్టాలి కదా, తక్కెట్లోకి ఎక్కిన సొమ్ము అతను కొలువులో ఉన్నన్నాళ్లూ ఖజానాలోనే ఉంచితే బాగుంటుంది, ఆ సంగతి బజార్లో దండోరా వేయిస్తే ప్రజలకీ ధైర్యంగా ఉంటుంది అన్నాడు. రాజుకి నచ్చింది. రాయుడు కూడా ధీమాగా తలూపాడు. రేపటి సంగతి ఆలోచించే అలవాటు అతనికి ఎప్పుడుంది గనక!

దండోరా బజారు దాటిందో లేదో, కొలువు గుమ్మం దగ్గర తోపులాట మొదలైంది.

ముందు కంసాలి పరిగెత్తుకొచ్చాడు. గొలుసుకి ఇంకా అయిదు వాయిదాలు రావాలని, అది ఖజానాలోకి పోతే తన గతేమిటని మొత్తుకుంటూ, రాయుడి మెడలోంచి తనే తీసుకున్నాడు. బట్టల షావుకారు అంగీ విప్పించాడు. ముత్యాల వర్తకుడు తలపాగా ఎత్తుకుపోయాడు. చెప్పుల అంగడివాడు మర్యాదస్తుడు, అందరి పనీ అయ్యాక వచ్చి ఒక్కొక్క కాలూ ఎత్తమన్నాడు. పంచె కూడా బాకీదేనట. నేతగాడు జాలిపడి, రేపు ఇంటికొచ్చి తీసుకుంటానన్నాడు.

తక్కెట్లో వేయడానికి రాయుడికి మొలతాడు మిగిలింది.

"అన్నీ నావే ప్రభూ. నెలనెలా కడుతూనే ఉన్నాను" అన్నాడు పంచె గట్టిగా పట్టుకుని.

రాజు ఓబులేసు వైపు చూశాడు. ఓబులేసు చేతులు కట్టుకుని అన్నాడు:

"అయితే తాళంచెవి కూడా ఆయనకి వాయిదాల్లోనే ఇద్దాం ప్రభూ. ఈ ఏడు తల, పై ఏడు కాడ. పళ్లు మాత్రం బాకీలన్నీ తీరాక."

సింగరాజు సింహాసనం చరిచి నవ్వాడు. కొలువంతా పకపకలాడింది. కంసాలి కూడా గొలుసు గుండెకి హత్తుకునే నవ్వాడు. ఆ నవ్వు ఆగకముందే రాజు నూరు వరహాల సంచీ, ముక్క తగ్గని తాళంచెవీ ఓబులేసు చేతిలో పెట్టాడు.